అల్లుడుగారి పక్క సీటు

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ఆకురాయి అనేవారు. ఇనుము మీద రుద్దితే గరగరమంటూ రజను రాల్చే పనిముట్టు అది. ఆయన నోరూ అంతే. పలకరించినవాడి తోలు కాస్తయినా లేవకుండా మాట ముగిసేది కాదు. పెళ్లాం బతికున్నన్నాళ్లూ ఆ ఆకురాయి మీద అప్పుడప్పుడూ ఓ చుక్క నూనె పడేది. ఆమె పోయి పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు గరుకుకి తుప్పు కూడా తోడయింది.

డెబ్బై నాలుగేళ్ల వయసులో రెండు బస్సులు మారి, మోకాళ్లని తిట్టుకుంటూ, మ్యూజియం వెనక షెడ్డుకి ఆయన మూడు వారాలుగా వస్తున్నాడు. పాత కారొకటి బాగుచెయ్యాలి, ఆ కారు కట్టినవాళ్లలో చేతులు ఆడేవారు మీరొక్కరే మిగిలారు అని మ్యూజియం అమ్మాయి ఇంటికొచ్చి అడిగింది. అమ్మాయంటే నలభై దాటిన మనిషి. ఆయన లెక్కలో అమ్మాయే.

"మిగతావాళ్లు అదృష్టవంతులు" అని తలుపేశాడు ఆకురాయి. మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి తాళం తియ్యడానికి వచ్చేసరికి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన వచ్చింది కారు మీద ప్రేమతో కాదు. ఆ కారులో, డ్రైవరు పక్క సీటు వైపు, తలుపు వెనక కప్పుని మోసే పిల్లర్‌లో, రంగు కింద పూడ్చిన బెజ్జం ఒకటుంది. చిటికెనవేలు పట్టేంత బెజ్జం. అది తెరుచుకోవాలి. నలుగురూ చూడాలి. అంతకుమించి ఈ లోకంతో ఆయనకి పని లేదు.

కారంటే మామూలు కారు కాదు. నలభై రెండేళ్ల కిందట కంపెనీకి ఓ పిచ్చి పట్టింది, గుద్దుకున్నా మనిషి చావని కారు కట్టాలని. ఆ పనికి ఓ షెడ్డు, పదకొండు మంది మనుషులు, పైన ఒక పెద్ద ఇంజనీరు. కాగితాల మీద దాని పేరు ప్రయోగం నాలుగు. మొదటి మూడూ ఏమయ్యాయని ఎవరూ అడక్కూడదు.

ముక్కు దగ్గర ఇనప బంపరు తీసేసి నీళ్లు నింపిన రబ్బరు తిత్తులు పెట్టారు. గుద్దితే నీళ్లు చిమ్మి దెబ్బ మెత్తబడాలి. గుద్దకుండానే కారేవి. "బండికి జలుబు చేసింది, రేపు చూద్దాం" అనుకునేవాళ్లు షెడ్డులో. స్టీరింగు కడ్డీ గుండెలో దిగకుండా, ఒకదాంట్లో ఒకటి దూరిపోయే గొట్టాలతో చేశారు. ముందు డాష్‌బోర్డు పలకంతా పరుపు కుట్టారు. వెనక సీటు వెనక్కి తిప్పి బిగించారు, దెబ్బ తగిలినప్పుడు వీపంతా సీటు ఆపుతుందని. అందులో కూర్చుని ఊరు చుట్టి వచ్చిన మేనేజరు దిగి గోడవార కక్కుకున్నాడు. వచ్చిన దారి చూసుకుంటూ పోవడం మనిషికి పడదని ఆ రోజు తేలింది.

గుద్దే పరీక్షకి లోపల మనిషుండాలి. మనిషి ఒప్పుకోడు. అందుకని బొమ్మని చేశారు. కాన్వాసు తోలు, లోపల రంపప్పొట్టు, సీసం గుళ్లు, ఇనప ఎముకలు. షెడ్డులో వాడి పేరు అల్లుడుగారు. పని చెయ్యడు. నలుగురు మోసుకొచ్చి కూర్చోబెట్టాలి. బట్టలు మనమే తొడగాలి. ఎక్కడ కందిపోయాడోనని పెద్ద ఇంజనీరు దగ్గర్నుంచి ఊడ్చేవాడి దాకా వొళ్లంతా తడిమి చూడాలి. ఇంకేం పేరు పెడతారు?

అల్లుడి కొలతలు పుస్తకంలోంచి రాలేదు. ఓ శనివారం భోజనాల వేళ షెడ్డులో పదకొండు మందినీ గోడకి నిలబెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, టేపుతో కొలిచి, కూడి, పదకొండుతో భాగించారు. పక్క షెడ్డులో కుట్టు సెక్షన్ ఉంది. అందులో ఇరవై మంది ఆడవాళ్లు. వాళ్లనీ కొలుద్దామా అన్నారెవరో.

"ఆడవాళ్ల మీద టేపు పెడతామా? బాగుంటుందా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

బాగుండదని పదకొండు మందీ ఒప్పుకున్నారు. ఆకురాయి కూడా. అందరూ మర్యాదస్తులు. ఆ మర్యాదతోనే సీటుబెల్టు పై కొస బిగించే బెజ్జాన్ని అల్లుడి భుజం ఎత్తుకి ఖాయం చేశారు.

అల్లుడి తోలు కుట్టింది ఆకురాయి భార్య. కుట్టు సెక్షన్‌లో ఆమె చేతికి పేరుండేది. రెండు వరసల కుట్టు, ఒక్క పోగు వంకర పోదు. సీటు తొడుగులు బిగించడానికి ఓ రోజు ఈ షెడ్డుకి వచ్చింది. పని అయ్యాక అల్లుడి పక్కన కూర్చుని, సరదాకి బెల్టు లాగి పెట్టుకుంది. పట్టీ భుజం మీద పడలేదు. మెడకి అడ్డంగా పడింది.

"ఏమయ్యా, ఇది ప్రాణం కాపాడేదా, తీసేదా?"

"కాస్త నిటారుగా కూర్చో."

"నిటారుగానే కూర్చున్నా. నన్ను చేసినవాడు ఇంతే గుడ్డ కత్తిరించాడు, నేనేం చెయ్యను?" ఆమె అల్లుడి కాన్వాసు బుగ్గ మీద తట్టింది. "అయినా ఈయన్ని అల్లుడంటున్నారే, అల్లుడన్నాక ఓ కూతురుండదా? ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? దాని కొలతలెవరు తీశారు?"

షెడ్డంతా గొల్లుమంది. ఆకురాయి నవ్వలేదు. ఆమె భుజం మీద బొటనవేలు అడ్డంగా పెట్టి, వేలికి పైన పిల్లర్ మీద సుద్దతో గీత గీశాడు. ఆమె దిగగానే డ్రిల్లు తీసుకుని బెజ్జం వేశాడు. ఎవర్నీ అడగలేదు. అప్పటికి ఆయనకి ముప్పై రెండేళ్లు. మంచి పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకునే వయసు.

సాయంత్రం పెద్ద ఇంజనీరు చూశాడు. డ్రాయింగు తెప్పించి పిల్లర్ పక్కన పెట్టి చూశాడు. డ్రాయింగులో ఒక్కటే బెజ్జం.

"నీ పెళ్లాం మెడ కోసం కంపెనీ డ్రాయింగు మారుతుందా? పూడ్చు."

ఆకురాయి పుట్టీ కలిపాడు. పూడ్చాడు. అరచేత్తో రుద్ది నున్నగా చేశాడు. తెల్లారి దాని మీద రంగు పడింది.

ప్రయోగం నాలుగు ఆ తర్వాత మూలపడింది. తిత్తులు కారుతూనే ఉన్నాయి, వెనక సీటు ఎవరికీ పడలేదు. బెల్టు మాత్రం అమ్మకం కార్లలోకి ఎక్కింది, ఒక్క బెజ్జంతో, అల్లుడి భుజం ఎత్తున. ఆ కార్లు వీధి వీధికీ వచ్చాయి. ఆమె ఎప్పుడు ఏ కారెక్కినా పట్టీ మెడని కోస్తోందని చంక కిందకి తోసుకునేది. ఇరవై మూడేళ్లు అలాగే తోసుకుంది. పక్కనున్న ఆకురాయి చూస్తూ ఉండేవాడు. చూసి కిటికీలోంచి బయటికి తిరిగేవాడు.

ఓ రోజు ఆమె తన చెల్లెలి కారులో వెళ్తుంటే ఎదురుగా వ్యాను వచ్చింది. నడుపుతున్న చెల్లెలు పొడగరి. మెడ పట్టేసి రెండు రోజుల్లో ఇంటికి నడిచి వెళ్లింది.

"బెల్టు పెట్టుకుంది కదా డాక్టరుగారూ, మరి?" అని అడిగాడు ఆకురాయి.

"పెట్టుకున్నారు. చంక కిందనుంచి" అన్నాడు డాక్టరు. "పక్కటెముకలు విరిగి కాలేయంలో దిగాయి."

చంక కిందకి ఎందుకు తోసుకుందో ఆయన అడగక్కర్లేదు. జవాబు తన అరచేతికే తెలుసు.

అందుకే మూడు వారాలుగా మ్యూజియం షెడ్డులో నోరు కట్టుకుని పని చేశాడు. తుప్పు గీకాడు, స్టీరింగు గొట్టాలకి గ్రీజు పెట్టాడు, రబ్బరు తిత్తులకి అతుకులు వేశాడు. బెజ్జం జోలికి పోలేదు. తనొక్కడూ ఉన్నప్పుడు తెరిస్తే, ముసలాడు నిన్న వేసిన బెజ్జం అంటారు. పెద్ద ఇంజనీరు ఎదుటే తెరవాలి. కారు ప్రదర్శన ప్రారంభోత్సవానికి ఆయనే ముఖ్య అతిథి. ముందుగా ఓసారి కారు చూడ్డానికి ఈ మధ్యాహ్నం వస్తానన్నాడు. రేపు పొద్దున రంగువాడు వస్తాడు. గీకి, పూసి, మెరుగు పెట్టేస్తే ఇక దాని ఆనవాలు ఉండదు.

మ్యూజియం అమ్మాయి ఆ పొద్దున్నే పిల్లర్ దగ్గర ఆగింది.

"బాబాయ్‌గారూ, ఇక్కడ రంగు గుండ్రంగా కుంగింది చూశారా? తుప్పంటారా?"

"నేనెవరికీ బాబాయ్‌ని కాను. తుప్పు కాదు."

"మరేంటి?"

"మీ ముఖ్య అతిథిని రానీ."

"మా పద్ధతి మీకు తెలుసుగా. డ్రాయింగులో లేనిది కారు మీద ఉండకూడదు. ఏదైనా ఉందనుకుంటే గట్టి రుజువుండాలి."

"పద్ధతులకేం" అన్నాడు ఆకురాయి. "పద్ధతి ప్రకారమే పోయారు చాలామంది."

ఆమెకి అలవాటైపోయింది. టీ తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్లింది.

మూడు గంటలకి పెద్ద ఇంజనీరు వచ్చాడు. ఎనభై ఆరేళ్లు. చేతికర్ర, ఇస్త్రీ చొక్కా, చెవిలో మిషను. గుమ్మంలో ఆగి కళ్లు చికిలించాడు.

"ఎవరూ, ఆకురాయేనా? ఇంకా ఉన్నావటోయ్!"

"మీరుండగా నేనెలా పోతాను సార్. సీనియారిటీ ఉంది కదా."

ఇంజనీరు గట్టిగా నవ్వాడు. దగ్గొచ్చి ఆగాడు. కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. రబ్బరు ముక్కు నొక్కి, వేలు చూసుకుని, "కారట్లేదే!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మూలన దుప్పటి కప్పి కూర్చోబెట్టిన అల్లుణ్ణి చూసి, "అల్లుడుగారికి మర్యాదలు తగ్గలేదు" అన్నాడు. ఆకురాయికి పంతొమ్మిదేళ్లుగా రాత్రీ పగలూ నూరి పెట్టుకున్న మాటలు నాలిక మీదే ఉన్నాయి. వరస తప్పకూడదని పళ్లు బిగబట్టాడు.

అమ్మాయి డ్రాయింగు పరిచి, పిల్లర్ మీద కుంగిన చోటు చూపించింది. ఇంజనీరు కళ్లజోడు మార్చి డ్రాయింగు చూశాడు, పిల్లర్ చూశాడు.

"ఇక్కడేం లేదమ్మా. ఎవరో తర్వాత పొడిచి పూడ్చి ఉంటారు. నున్నగా చేసి రంగేయించెయ్యి."

"తర్వాత కాదు" అన్నాడు ఆకురాయి.

జేబులోంచి బ్లేడు తీశాడు. కుంగిన చోటు అంచున ఏటవాలుగా గీశాడు. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ గీశాడు. రంగు పొరలు ఉల్లిపాయ కోసినట్టు ఒకదాని కింద ఒకటి తేలాయి.

"చూడమ్మాయ్. పైన ఆకుపచ్చ. దాని కింద బూడిద రంగు ప్రైమర్, రంగుకి ముందు వేసే పూత. దాని కింద పుట్టీ. పుట్టీ మీద ప్రైమర్ ఉందంటే, రంగు పడకముందు పూడ్చిందే. ఈ బండికి రంగు ఎన్నిసార్లు పడింది సార్?"

"ఒక్కసారే. నేనే దగ్గరుండి వేయించాను." ఇంజనీరు ముందుకి వంగి వేలితో పొరలు తడిమాడు. చాలాసేపు తడిమాడు. "నిజమే. మరి ఎవరు పూడ్చారు?"

"నేను. మీరు పూడ్చమన్నారు."

"నేనా?"

"మీరే."

ఇంజనీరు ఆయన మొహంలోకి చూశాడు. వెతుక్కుంటున్నాడు. ఇనుము మీద ఒక్క దెబ్బ కొట్టి లోపల డొల్లో గట్టో చెప్పగల చెవి ఆకురాయిది. ఆ వెతుకులాటలో అబద్ధం మోగలేదు.

"గుర్తు లేదయ్యా" అన్నాడు ఇంజనీరు. "ఒట్టు. గుర్తే లేదు."

పంతొమ్మిదేళ్ల తీర్పు కాగితాలన్నీ సిద్ధం. ముద్దాయికి మాత్రం తను ముద్దాయినని తెలియదు. నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఈ మనిషికి పనికొచ్చేలా లేదు. ఆకురాయి తిరగేసిన డబ్బా మీద కూలబడ్డాడు.

"మా ఆవిడ కోసం వేశాను. పట్టీ మెడకి పడుతోందంటే."

"ఎవరూ, కుట్టు సెక్షన్‌లో... అల్లుడి తోలు కుట్టినావిడా? మంచి చెయ్యి. బాగుందా?"

మ్యూజియం అమ్మాయి తల దించుకుంది. ఆమెకి తెలియదు, కానీ అర్థమైంది.

"పోయింది" అన్నాడు ఆకురాయి. "మన కంపెనీ కారులోనే. పట్టీ చంక కిందకి తోసుకుని."

ఇంజనీరు "డ్రాయింగు ప్రకారం..." అని మొదలుపెట్టి ఆపేశాడు. చేతికర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"పెద్దవాళ్లమైపోయాం. నావల్ల ఏదైనా పొరపాటు జరిగుంటే క్షమించవయ్యా."

"క్షమించను సార్. మిమ్మల్నీ క్షమించను, పూడ్చినవాణ్ణీ క్షమించను. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఇంజనీరు టీ తాగలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. ఆకురాయి వైపు కాదు, అమ్మాయి వైపు.

"పుట్టీ మీద ప్రైమర్ ఉందమ్మా. డ్రాయింగే తప్పు. ఆ బెజ్జం ఉంచెయ్యి. కావాలంటే నేను సంతకం పెడతాను."

చేతికర్ర చప్పుడు వరండా చివరిదాకా వినిపించి ఆగింది.

అడిగింది దొరికింది. ఆకురాయికి గెలిచినట్టేం లేదు. ఆఖరి బస్సు వెళ్లిపోయాక స్టాపుకి చేరినట్టుంది. అయినా లేచాడు. సన్న ఉలి తీసుకుని పుట్టీ తవ్వాడు. నలభై రెండేళ్ల కిందట తన అరచెయ్యి అదిమినది, ఎండి సుద్దముక్కలా పొడిపొడిగా రాలింది. బెజ్జం అంచు ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. బెల్టు కొస తెచ్చి అందులో బోల్టు బిగించాడు.

"కూర్చో" అన్నాడు.

మ్యూజియం అమ్మాయి కూర్చుంది. పొట్టి మనిషి. అది ఆయన ఇంటి గుమ్మంలో మొదటిసారి చూసినప్పుడే గమనించాడు. మర్నాడు రావడానికి అదీ ఓ కారణమేమో, ఒప్పుకోడు. పట్టీ ఆమె భుజం మీద తిన్నగా పడింది. ఆమె మెడ అటూ ఇటూ తిప్పింది. తగల్లేదు.

"నా కారులో నేను పట్టీకి క్లిప్పు పెట్టుకుని కిందకి లాక్కుంటాను బాబాయ్‌గారూ."

"మంచిపని. చంక కిందకి మాత్రం తొయ్యకు."

ఈసారి బాబాయ్ అన్నందుకు కసరలేదు. ఓపిక లేక.

ఆమె పట్టీ పట్టుకునే మూలనున్న అల్లుడి వైపు చూసింది. "అల్లుడి పక్కన ఇంకొకర్ని కూర్చోబెడదాం. ఆవిడ కొలతలతో. ఒట్టి బెజ్జం చూస్తే జనానికి ఏం తెలుస్తుంది? బొమ్మ నేను చేయిస్తాను." పెన్ను తీసింది. "ఆవిడ పొడవెంత?"

ఆకురాయి నోరు తెరిచాడు. అంకె రాలేదు.

స్టీరింగు గొట్టం మందం చెప్పగలడు. అల్లుడి మోకాలి చుట్టుకొలత నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇంటి తలుపు గడియ ఎంత ఎత్తున ఉందో, ఆమె కుట్టుమిషను కాళ్లెంతో అన్నీ తెలుసు. ఇరవై ఏడేళ్లు కాపురం చేశాడు, పెళ్లాం మీద ఒక్కసారీ టేపు పెట్టలేదు. ఫొటోలున్నాయి. ఫొటోలో మొహం ఉంటుంది, కొలత ఉండదు. బట్టలు నెల తిరక్కుండా మూటగట్టి ఇచ్చేశాడు, కళ్లబడకూడదని.

"నా చొక్కా రెండో గుండీ దాకా వచ్చేది" అన్నాడు. చెయ్యి దానంతటదే గుండీ మీదకి పోయింది. పోయి ఆగింది. ఆ వెన్ను ఇప్పుడు లేదు. వంగిపోయిన మనిషి గుండీ దేనికి కొలత?

అమ్మాయి పెన్ను మూసి, "పర్లేదండీ, సుమారుగా..." అంది.

"సుమారేంటి!" అని కసిరాడు. "సుమారు లెక్కకి పుట్టినవాడు ఆ మూలన కూర్చున్నాడు, చూడు."

టేపు తీశాడు. మోకాళ్లు పటపటమంటుంటే కారు పక్కన వంగాడు. అమ్మాయి సీటు మీద టేపు కొస పెట్టబోతే చెయ్యి తోసేశాడు.

"సీటు మీంచి కాదు. స్పంజి కుంగుతుంది. కిందనుంచి కొలు. నేల రేకు మారదు."

ఆమె రేకు మీద కొస అదిమి పట్టుకుంది. ఆయన టేపుని బెజ్జం దాకా లాగాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, దగ్గరగా చదివాడు.

"ముప్పై రెండూ ముప్పావు అంగుళాలు." బొటనవేలు అడ్డంగా టేపు మీద పెట్టాడు. వేలు సన్నబడింది, ఎముక మాత్రం అదే. "అంగుళం తియ్యి. కూర్చుంటే భుజం అక్కడికి. రాసుకో."

ఆమె రాసుకుంది. "మిగతా కొలతలు?"

"లేవు. ఇదొక్కటే తీశాను."

టేపు వదిలేస్తే సర్రున వెనక్కి చుట్టుకుంది. ఆయన పనిముట్లు ఒక్కొక్కటీ తుడిచి సంచిలో వేసుకున్నాడు. బ్లేడు, ఉలి, ఆకురాయి. దుప్పటి కింద అల్లుడుగారు ఎప్పటిలాగే ఏ పనీ లేకుండా కూర్చుని ఉన్నాడు. గుమ్మం దాటబోతూ ఆకురాయి ఆగాడు.

"రేపు రంగువాడొస్తాడుగా. బెజ్జంలో బిరడా పెట్టాకే రంగెయ్యమను. లోపలికి రంగు పోతే వెంట్రుకవాసి తగ్గిపోద్ది."

"చెప్తాను బాబాయ్‌గారూ."

"చెప్పడం కాదు. దగ్గరుండి చూడు."

అని రెండు బస్సుల్లో మొదటిదాని కోసం నడిచాడు.